రాష్ట్రానికి రావలసిన పన్నుల వాటా ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

సమస్య: కేంద్రం పన్నుల వసూళ్లు ఏటా పెరుగుతున్నా, రాష్ట్రాల వాటా ఆ మేరకు పెరగడం లేదు.

కారణం: కేంద్ర పన్నులను రాష్ట్రాలకు ఎలా పంచాలో సూచించేది ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు ఇవ్వాలని చెప్పిన 41 శాతం మొత్తం వసూళ్లలో వాటా కాదు, పంచుకోవలసిన పన్నుల్లో వాటా మాత్రమే. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు (ఫలానా అవసరానికని వేసే పన్నులు), సర్‌ఛార్జీలు (పన్నుపై వేసే అదనపు పన్నులు) ఆ లెక్కలోకి రావు. లీటరు పెట్రోలునే తీసుకుందాం. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత కేంద్రం దానిపై వసూలు చేసిన సుంకం 32 రూపాయల 90 పైసలు కాగా, అందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన ప్రాథమిక ఎక్సైజ్ సుంకం 1 రూపాయి 40 పైసలే. అందులో 41 శాతమంటే దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి లీటరుకు దాదాపు 57 పైసలు. మన వై.వి. రెడ్డి గారి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచడం నిస్సందేహంగా పెద్ద ముందడుగు, అయితే పంచే రాశి చిన్నదవుతున్నప్పుడు శాతం ఎంత పెంచినా చేతికందేది తక్కువే.

పరిష్కారం: రాష్ట్రాలు శాతం పెంచమని అడిగి ఊరుకోకూడదు. ఏళ్ల తరబడి కొనసాగుతున్న సెస్సులను ప్రాథమిక సుంకంలో కలిపేయాలని పట్టుబట్టాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఆర్థిక బిల్లు చాలు. సెస్సులకు శాశ్వతమైన గరిష్ఠ పరిమితి కావాలంటే మాత్రం 270వ అధికరణాన్ని సవరించక తప్పదు.

సమస్య: పంచే మొత్తంలో మన తెలుగు రాష్ట్రాల శాతమే తగ్గింది. 14వ సంఘం నుంచి 15వ సంఘానికి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు పడిపోయింది.

కారణం, పరిష్కారం: 15వ సంఘం సూత్రంలో 45 శాతం బరువు తలసరి ఆదాయ వ్యత్యాసానిదే. పేద రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వడం న్యాయమే, దాన్ని కాదనలేం. సొంత పన్నుల వసూలులో చూపిన శ్రద్ధకు 2.5 శాతం మాత్రమే ఇవ్వడం మాత్రం సబబు కాదు. ఆర్థిక సంఘానికి ఇచ్చే వినతిపత్రంలో రాష్ట్రాలు గట్టిగా వాదించవలసింది ఇక్కడే.

సమస్య: గ్రామ పంచాయతీ ఖాతాలో ఆర్థిక సంఘం నిధులు పడలేదు; చెత్త ట్రాక్టరుకు డీజిలు పోయించడానికీ డబ్బు లేదు.

కారణం: పాలకవర్గం ఎన్నిక కాని పంచాయతీకి ఆ గ్రాంటు రాదు. తెలంగాణలో పాలకవర్గాల గడువు 2024 జనవరి 31న ముగిసినా, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు.

పరిష్కారం: రాజ్యాంగం 243-ఇ అధికరణం చెప్పినట్టు, గడువు తీరకముందే ఎన్నికలు పూర్తిచేయాలి.