బయటి సాయం లేని ఆర్కిటిక్ స్కీ యాత్రకు హైదరాబాద్‌లో సిద్ధం కావడం ఎలా?

బయటి సాయం లేని స్కీ యాత్రలో ఆహారం గానీ ఇంధనం గానీ దారి మధ్యలో ఎవరూ తెచ్చి ఇవ్వరు. కుక్కలు, స్నోమొబైళ్లు బండి లాగవు. బయలుదేరిన ఉదయం స్లెడ్‌లో (మంచు మీద మనమే లాగే బండిలో) ఏముందో చివరి రోజు దాకా దానితోనే గడవాలి. అందువల్ల యాత్రలో సగం పని హైదరాబాద్‌లోనే, ఇంట్లో సామానంతా నేల మీద పరిచి ఒక్కొక్కటీ త్రాసులో తూచే సమయంలోనే తేలిపోతుంది. మిగిలిన సగం ఒంటిని పొడిగా ఉంచుకోవడం. అందరూ చలి గురించే అడుగుతారు గానీ, మంచు మైదానంలో మనిషిని మొదట దెబ్బతీసేది తన ఒంట్లోంచి వచ్చే తడి.

మొదటి యాత్రకు నార్వే ఉత్తర కొసన, ఆర్కిటిక్ వృత్తానికి బాగా పైన ఉన్న ఫిన్‌మార్క్స్‌విడ్డా పీఠభూమిని ఎంచుకోమని నా సలహా. నార్వేకే చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లో ధ్రువపు ఎలుగుబంట్లు ఉంటాయి కనుక ఊరు దాటితే వాటిని బెదిరించే సాధనాలు వెంట ఉండాలి. 1888లో నార్వే యాత్రికుడు నాన్‌సెన్ బృందం మొదటిసారి స్కీలపై దాటిన గ్రీన్‌లాండ్ మంచు ఫలకానికి ముందస్తు అనుమతి కావాలి. ఫిన్‌మార్క్స్‌విడ్డాలో ఈ రెండు భారాలూ లేవు. అంతమాత్రాన దాన్ని తేలికగా తీసుకోకూడదు: నార్వేలో అధికారికంగా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 51.4 డిగ్రీలు, 1886 జనవరి 1న అక్కడి కరాస్‌యోక్‌లోనే నమోదైంది. మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ వరకు పగలు పొడవుగా ఉంటుంది, మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. అది అక్కడి ఆదివాసులైన సామీ ప్రజలు రెయిన్‌డీర్ మందలను మేపుకునే నేల కనుక, మంద కనిపిస్తే దూరంగా చుట్టు తిరిగి వెళ్లాలి.

మంచు లేని నగరంలో సాధన ఎలా అన్న ప్రశ్నకు ధ్రువ యాత్రికులు ఏనాడో సమాధానం కనిపెట్టారు. పాత కారు టైరుకు తాడు కట్టి, దాన్ని నడుము పట్టీకి తగిలించుకుని లాగాలి. గండిపేట వైపు మట్టి బాటలు తారు రోడ్డుకన్నా ఇందుకు అనువుగా ఉంటాయి. ఒక టైరుతో గంటసేపు మొదలుపెట్టి, ఆరు నెలల్లో రెండు టైర్లతో నాలుగు గంటలకు చేరాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ముగించండి. ఐస్‌క్రీమ్ నిల్వచేసే శీతల గిడ్డంగి యజమాని ఎవరైనా తెలిసినవారుంటే, బయట ఒక మనిషిని కాపలా ఉంచి, అరగంటసేపు లోపల మందపాటి చేతి తొడుగులతోనే గుడారం కడ్డీలు కలపడం, ముడులు వేయడం, జిప్పులు లాగడం అలవాటు చేసుకోండి. స్కీయింగ్ ఓనమాలు గుల్‌మార్గ్‌లోనో ఔలీలోనో దిద్దుకోవచ్చు. కానీ అక్కడ ప్రధానంగా నేర్పేది వాలు దిగడం. బరువు లాగుతూ చదును నేలపై సాగడం నేర్చుకోవాలంటే నార్వేలోని ఫిన్సే వంటి చోట గైడుతో ఒక వారం గడపక తప్పదు. ధ్రువ యాత్రికుడు షాకిల్‌టన్ తన అంటార్కిటికా యాత్రకు ముందు పరికరాలను పరీక్షించుకున్నది ఆ ఫిన్సేలోనే.

ఇక లెక్కలు. స్లెడ్ లాగే మనిషికి రోజుకు దాదాపు 5,000 కేలరీలు కావాలి. పొడి ఆహారంగా అది సుమారు కిలో. పది రోజుల యాత్రకు రెండు రోజుల నిల్వ కలిపి 12 కిలోలు. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, గ్రాము పిండిపదార్థంలో 4 మాత్రమే ఉంటాయి. బరువు తగ్గాలంటే కొవ్వు పెరగాలి. ఈ విషయంలో మన వంటిల్లు ఎంతో ఆదుకుంటుంది: పల్లీలు, నువ్వులుండలు, ఎండుకొబ్బరి, జీడిపప్పు అన్నీ తక్కువ బరువులో ఎక్కువ బలమిచ్చేవే. అయితే మైనస్ 25 దగ్గర పల్లిపట్టీ రాయిలా బిగిసిపోయి పళ్లు విరిగే ప్రమాదం ఉంది కనుక, నోట్లో పట్టే ముక్కలుగా ఇక్కడే కొట్టి, ఏ రోజుది ఆ రోజు సంచిలో కట్టుకోవాలి. నెయ్యి మాత్రం వదిలిపెట్టాల్సిందే. భారత్ నుంచి పాల, మాంస పదార్థాలు తీసుకురావడాన్ని నార్వే నిషేధించింది. అక్కడే వెన్న కొనుక్కుని, వేడి నీళ్లలో నానిన అటుకుల్లో పప్పుల పొడితో కలుపుకుంటే రాత్రి భోజనం పూర్తవుతుంది. బియ్యం ఉడకబెట్టడం ఇంధనం దండగ.

ఆ ఇంధనమే అసలు ప్రాణాధారం, ఎందుకంటే తాగే ప్రతి చుక్కా మంచును కరిగించి సంపాదించాలి. మంచును కరిగించడానికే ఎంత వేడి పడుతుందంటే, అంతే వేడితో అన్నే నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మనిషికి రోజుకు పావు లీటరు వైట్ గ్యాస్ (పెట్రోలు లాంటి శుద్ధమైన ద్రవ ఇంధనం) చొప్పున, నిల్వతో కలిపి 12 రోజులకు మూడు లీటర్లు లెక్క వేసుకోండి. గిన్నెలో ముందుగా కొద్దిగా నీళ్లు పోసి ఆ తరువాతే మంచు వేయాలి, లేకుంటే గిన్నె అడుగు మాడుతుంది. ఇంధనం విమానంలో తీసుకెళ్లనివ్వరు. వాడిన స్టవ్‌కు వాసన మిగిలినా శంషాబాద్‌లోనే ఆపవచ్చు కాబట్టి శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. గుడారంలో స్టవ్ వెలిగినంతసేపూ పైనున్న గాలి రంధ్రాలు తెరిచే ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చెమట విషయం హైదరాబాదీలకు ప్రత్యేకంగా చెప్పాలి. మనకు చెమట పట్టడం సహజం, నూలు బట్ట హాయి. అక్కడ నూలు బట్ట ఒంటి మీద ఉండనే కూడదు. తడిసిన నూలు ఆరదు, ఆగిన క్షణం నుంచి ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల పలుచని ఉన్ని, పైన గాలిని ఆపే పొర చాలు. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త వణుకు పుడితేనే సరైన దుస్తులు వేసుకున్నట్లు. నుదుట తడి తగలగానే ఆగి ఒక పొర విప్పాలి, లేదా వేగం తగ్గించాలి. యాభై నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగే పద్ధతి మంచిది. ఆగగానే తిండికన్నా ముందు ఈకల జాకెట్ తొడుక్కోవాలి. మైనస్ 20 దగ్గర సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే, చర్మానికి అది మైనస్ 33లా ఉంటుంది. అలాంటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి. చర్మం గడ్డకడుతున్నట్లు తెల్లటి మచ్చ కనిపిస్తే వెచ్చని అరచేయి ఆనించాలి గాని, మంచుతో రుద్దకూడదు.

రాత్రి కూడా ఇదే సమస్య. నిద్రలో ఒంటి నుంచి వెలువడే ఆవిరి స్లీపింగ్ బ్యాగ్ ఈకల్లోకి చేరి అక్కడే గడ్డకట్టడంతో, బ్యాగ్ రోజురోజుకూ బరువెక్కుతూ వెచ్చదనం కోల్పోతుంది. ఆవిరిని దాటనివ్వని పలుచని సంచిని బ్యాగ్ లోపల వేసుకుని పడుకోవాలి. మొదటి రాత్రి చెమ్మగా, ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి.

శాటిలైట్ ఫోన్ ఇక్కడ కొనకండి. అనుమతి లేకుండా భారత్‌లో దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. నార్వేలో అద్దెకు తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయండి. మంచు ప్రాంతంలో గాలింపు, రక్షణ ఖర్చులు మీ బీమాలో ఉన్నాయో లేదో పాలసీ చదివి తేల్చుకోండి.

దారి పటం, రోజువారీ మజిలీలు ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. స్లెడ్ బరువుగా ఉండే మొదటి రోజుల్లో పది, తరువాత పదిహేను కిలోమీటర్లకు మించి లెక్క వేయకండి. వెనక్కి తిరిగే నియమాన్ని కూడా ఆ కాగితంలోనే రాయండి: నిల్వ రెండు రోజులు పక్కన పెట్టగా మిగిలిన ఆహారం, దగ్గరి ఊరు చేరడానికి పట్టే రోజులకు సమానమైన సాయంత్రం, మరునాటి దారి ఆ ఊరికే.