ఊహాకల్పన నవలను ఎడిటర్‌కు వినిపించేటప్పుడు వచ్చే చిక్కులు: సమస్య, కారణం, పరిష్కారం

రచయితల సదస్సుల్లో ఎడిటర్‌తోనో, రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటుతోనో ముఖాముఖికి సాధారణంగా పది నిమిషాలకు మించి ఇవ్వరు. ఊహాకల్పన (ఫాంటసీ) నవల గురించి నోటితో చెప్పే ఆ నాలుగు మాటలనే పిచ్ అంటున్నాం. హైదరాబాద్‌లో మిత్రుల పిచ్‌లు వింటూ, నావి వినిపిస్తూ గమనించినవి ఇక్కడ రాస్తున్నాను. సదస్సుకు కనీసం నెల ముందు ఇద్దరు ముగ్గురికి చెప్పి చూడండి. ఎక్కడ ఇబ్బంది కనిపిస్తే ఆ భాగం చదవండి.

రెండో నిమిషానికే వినేవారి చూపు పక్కకు మళ్ళుతోంది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. చాలామంది తమ గొంతునో ధైర్యాన్నో అనుమానిస్తారు. అసలు కారణం వేరు. కథను వదిలి, కథ జరిగే లోకం చరిత్రతో మొదలుపెడతారు. ఏళ్ళ తరబడి కట్టుకున్న లోకం కాబట్టి దాన్నే ముందు చూపించాలనిపిస్తుంది. వినేవారికి అందులో పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

ఒక కథ అనుకుందాం. మొదటి పద్ధతి ఇలా ఉంటుంది: "మూసీకి జ్ఞాపకశక్తి ఉంది. 1908 సెప్టెంబర్ వరదలో మునిగిన ప్రతి ఇల్లూ దానికి గుర్తే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిన తర్వాత ఆ జ్ఞాపకాలు జలాశయాల్లో చిక్కుకుపోయాయి. వాటిని కాపాడే జలపాలకుల్లో మూడు తెగలున్నాయి..."

అదే కథ రెండో పద్ధతిలో: "హిమాయత్‌సాగర్ గేట్ల దగ్గర పనిచేసే సరోజ రోజూ ఉదయం నీటిమట్టం రాస్తుంది. ఒకరోజు పుస్తకం తెరిస్తే, రాబోయే ఆరు రోజుల అంకెలు తన చేతిరాతలోనే కనిపిస్తాయి. జలాశయం పూర్తి మట్టం 1763.50 అడుగులు. ఆరో రోజు అంకె 1771. ఒక అంకెను కొట్టేస్తే నీరు తగ్గుతుంది. కానీ కొట్టేసిన ప్రతిసారీ, చనిపోయిన చెల్లెలితో గడిపిన ఒక ఏడాది ఆమె మనసులోంచి చెరిగిపోతుంది."

రెండోదానిలో 1908 ప్రస్తావనే లేదు. అయినా విన్నవారు "ఆ అంకెలు ఎవరు రాశారు?" అని అడుగుతారు. నది జ్ఞాపకం గురించి అప్పుడు చెప్పండి. మీ లోకాన్ని జవాబుల కోసం దాచుకోండి, పిచ్‌లో మాత్రం మనిషి, ఆమెకు వచ్చిన కష్టం, ఆమె చెల్లించాల్సిన మూల్యం ఉంటే చాలు. మాయకు మూల్యం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, లోపం పిచ్‌లో కాక నవలలోనే ఉందేమో చూసుకోండి. నాకు ఒకసారి అలాగే బయటపడింది. రెండు అధ్యాయాలు తిరగరాశాను.

"ఆ పేరు మళ్ళీ చెప్పండి" అని అడుగుతున్నారు

సొంతంగా కల్పించిన పేర్లు ఎక్కువయ్యాయి. కాగితం మీద పాఠకులు వెనక్కి వెళ్ళి చూసుకోగలరు, చెవికి ఆ వీలు లేదు. పిచ్‌లో ఒక్క కొత్త పదం ఉంచి, మిగతావన్నీ "ఊరిపెద్ద", "కాపలాదారు" వంటి తెలిసిన మాటల్లోకి మార్చండి.

"ఇది జానపదమా? పిల్లల కథా?" అంటున్నారు

మాయ, మంత్రం అనగానే తెలుగువారికి జానపద కథలే గుర్తుకొస్తాయి. అది మన బలమే కానీ, పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలో ఎడిటర్‌కు తెలియాలి. "నేటి హైదరాబాద్‌లో జరిగే కథ, పెద్దల కోసం రాసింది, వాస్తవంలో ఒక్క విషయమే మార్చాను" అని స్పష్టంగా చెప్పండి. "ఇలాంటిది ఇంతవరకు ఎవరూ రాయలేదు" అనడం మాత్రం మానండి. ఈ రంగంలో చదవలేదనే అర్థం అందులో ధ్వనిస్తుంది. దాని బదులు గత ఐదేళ్ళలో వచ్చిన రెండు పుస్తకాలు చెప్పి, మీ నవల వాటికి ఎక్కడ దగ్గరో, ఎక్కడ వేరో వివరించండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాలు చదువుకోవడానికి ఎంతో మంచివి, ఈ పోలికకు అక్కరకు రావు. డిసెంబర్‌లో జరిగే పుస్తక ప్రదర్శనలో ఒక సాయంత్రం స్టాళ్ళన్నీ తిరిగితే కొత్తగా ఏవి వచ్చాయో, ఎవరు వేస్తున్నారో తెలుస్తుంది.

ముగింపు అడిగితే తడబడుతున్నారు

రహస్యం చెప్పేస్తే చదవరని భయం. ఎడిటర్ పాఠకుడిలా ఉత్కంఠ కోసం అడగరు, కథ నిలబడిందో లేదో తెలుసుకోవడానికి అడుగుతారు. చెప్పేయండి. ఒకటి రెండు పేజీల కథాసారంలో కూడా ముగింపు తప్పనిసరిగా ఉండాలి.

నిడివి చెప్పగానే పెదవి విరుస్తున్నారు

పెద్దల కోసం రాసిన ఇంగ్లీషు ఊహాకల్పన నవలకు 80,000 నుంచి 1,20,000 పదాలు మామూలు. కొత్త రచయిత రెండు లక్షలంటే వెనుకాడతారు. తెలుగుకు ఆ లెక్క అతకదు. ఇంగ్లీషులో నాలుగు మాటలు పట్టేది మనకు "వెళ్ళలేకపోయాడు" అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అందుకే రాతప్రతిని డెమ్మీ సైజులో (తెలుగు నవలలు ఎక్కువగా వచ్చే పుస్తకం కొలత) అమర్చి పేజీల సంఖ్య చెప్పండి. ప్రచురణకర్తలు ఖర్చును పదహారు పేజీల ఫారాల్లో (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట) లెక్కవేస్తారు. మూడు భాగాల నవలైతే మొదటి భాగం దానంతట అది ముగుస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

అచ్చు ఖర్చు ఎవరిదో కూడా మొహమాటపడకుండా అడగండి. చదవడానికే ముందుగా రుసుము అడిగే ఏజెంటుకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

పంపిన ఫైలు వారి దగ్గర అర్థంలేని అక్షరాలుగా తెరుచుకుంటోంది

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేయించినవారికి ఇది తరచూ ఎదురవుతుంది. ఆ ఫాంట్లు తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు మాయమవుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక ఒత్తులు, సున్నాలు, కొటేషన్ గుర్తులు మీ కళ్ళతోనే సరిచూసుకోండి, అవే ఎక్కువగా చెదురుతాయి. పీడీఎఫ్ కూడా జతచేసి, ముందుగా వేరొకరి ఫోనుకు పంపి తెరిపించి చూడండి.

"పంపండి" అన్నారు, తర్వాత జవాబు లేదు

తరచుగా కారణం మన ఆలస్యమే. నవల పూర్తికాకుండానే పిచ్ చెప్పి, తర్వాత నాలుగు నెలలు దిద్దుతూ కూర్చుంటాం. పూర్తయిన రాతప్రతి ఉంటేనే వెళ్ళండి. గది బయటికి రాగానే వారు అడిగింది మొత్తం నవలా, మొదటి మూడు అధ్యాయాలా అన్నది చీటీ మీద రాసుకోండి. వారం లోపు సరిగ్గా అదే పంపండి. మెయిలు మొదటి వాక్యంలోనే సదస్సు తేదీ, మీరు కలిసిన సమయం, "నీటిమట్టం పుస్తకంలో రేపటి అంకెలు చూసిన సరోజ కథ" అని గుర్తుచేయండి. రెండు నెలలకు ఒకసారి మర్యాదగా అడగవచ్చు. ఆపైన మరో నెల చూసి, జాబితాలోని తర్వాతి ఎడిటర్‌కు పంపండి.