ఖరీదైన మదర్‌బోర్డు కొన్నారా? ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, నెట్ ఇలా బిగించండి

మన వరంగల్‌లో మే నెల ఎండ 44 డిగ్రీల దాకా పోతుంది. ఏసీ లేని గదిలో పీసీ నడిపేవాళ్లు బోర్డు ధర సంగతి పక్కన పెట్టి, దాని మీద ఏది ఎక్కడ బిగిస్తున్నారో చూసుకోవాలి. ముందు ప్లగ్ పీకేయండి, మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

మొదట ఎస్‌ఎస్‌డీ. ప్రాసెసర్‌కు దగ్గరున్న ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీ దూర్చే గాడి) సాధారణంగా నేరుగా ప్రాసెసర్‌కే కలిసి ఉంటుంది కాబట్టి విండోస్ ఉండే డ్రైవ్ అందులో పెట్టండి. మిగతా స్లాట్లు చాలావరకు చిప్‌సెట్ (బోర్డు మీద మిగతా భాగాలను ప్రాసెసర్‌కు కలిపే చిప్) మీదుగా వెళ్తాయి, సినిమాలకు, ఫొటోలకు అవి చాలు. ఇక్కడో తిరకాసుంది. కొన్ని బోర్డుల్లో ఫలానా ఎం.2 స్లాట్ నింపితే సాటా పోర్టులు (పాత రకం హార్డ్‌డిస్క్‌ల వైరు పెట్టేవి) ఒకటో రెండో ఆగిపోతాయి, ఇంకొన్నింట్లో గ్రాఫిక్స్ కార్డు స్లాట్ 16 లేన్ల (డేటా వెళ్లే దారుల) నుంచి 8కి పడిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ కనిపించట్లేదని షాపు చుట్టూ తిరిగేముందు మాన్యువల్‌లో ఆ పట్టిక చూడండి. డ్రైవ్‌ను ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, స్క్రూ బిగించండి. హీట్‌సింక్ మూసేముందు థర్మల్ ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర తీయాల్సిందే. జెన్ 5 (పీసీఐఈ ఐదో తరం) డ్రైవ్ బాగా వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

తర్వాత ఫ్యాన్లు. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్ వైరు 'సీపీయూ ఫ్యాన్' అని రాసున్న హెడర్‌కే (బోర్డు మీది పిన్నుల గుంపు) పెట్టండి, అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఎర్రర్ చూపిస్తాయి. కేసు ముందు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనకవి, పైవి బయటికి తోయాలి. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల మెనూ) ఫ్యాన్ వేగం నడిపే మోడ్‌గా నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం, మూడు పిన్నులదానికి డీసీ పెట్టండి. గదిలోనే 40 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను అంతకంటే చల్లబరచలేదు, అందుకే ఎండాకాలం ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత) కాస్త పైకి జరపండి. చప్పుడు వస్తుంది, రానివ్వండి. రోడ్డు పక్క ఇల్లైతే డస్ట్ ఫిల్టర్ తరచూ దులపండి.

ఇక నెట్. డబ్బాలో వచ్చిన వైఫై యాంటెన్నాలు వెనక బిగించండి, చాలామంది వాటిని అట్లనే వదిలేసి రూటర్‌ను తిడతారు. 2.5 జీ (సెకనుకు 2.5 గిగాబిట్ల) ల్యాన్‌కు క్యాట్ 5ఈ రకం నెట్ కేబుల్ సరిపోతుంది, కానీ రూటర్ పోర్టు కూడా 2.5 జీ అయితేనే ఆ వేగం. కొత్త విండోస్ వేశాక వైఫై, ల్యాన్ రెండూ కనిపించకపోతే టెన్షన్ వద్దు, ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, బోర్డు కంపెనీ సైటు నుంచి డ్రైవర్లు దించుకోండి.