యాప్ ట్రాఫిక్ తనిఖీ చేసే ముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి

ఏ యాప్ మన వివరాలను ఎవరికి చేరవేస్తోందో తెలియాలంటే దాని ట్రాఫిక్‌ను (అది ఇంటర్నెట్‌లో పంపే, తెచ్చుకునే డేటాను) మధ్యలో పట్టుకుని చదవాలి. పీక్యాప్‌డ్రాయిడ్, మిట్మ్‌ప్రాక్సీ లాంటి ఉచిత టూల్స్‌తో ఎవరైనా చేయొచ్చు. అయితే హెచ్‌టీటీపీఎస్ (యాప్‌కూ సర్వర్‌కూ మధ్య డేటాను రహస్య సంకేతాలుగా మార్చి పంపే పద్ధతి) లోపల ఏముందో చూడటానికి ఫోన్‌లో ఒక కొత్త సర్టిఫికెట్ (అవతలిది నమ్మదగ్గ సర్వరేనని ఫోన్‌కు చెప్పే డిజిటల్ పత్రం) పెట్టాల్సి వస్తుంది. దానికి జతగా ఉండే రహస్య తాళం, అంటే ప్రైవేట్ కీ, వేరేవాళ్ల చేతిలో పడితే, ఆ సర్టిఫికెట్‌ను నమ్మే ప్రతి కనెక్షన్‌నూ వాళ్లు దారిలోనే చదివేయగలరు. లీకు వెతకబోయి కొత్త లీకు తెచ్చుకోకూడదు.

కాబట్టి రోజూ వాడే ఫోన్ జోలికి పోవద్దు. పాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పరీక్షించే యాప్ ఒక్కటే వేయండి. బ్యాంకు యాప్, అసలు ఈమెయిల్ అందులో ఉండకూడదు. మీ ఫోన్ ట్రాఫిక్ మాత్రమే పట్టండి. ఇంట్లోవాళ్లదైనా సరే, చెప్పకుండా చూడటం తప్పు, చాలాచోట్ల నేరం కూడా.

యాప్‌లో, ఇంకెక్కడా వాడని ఒక కల్పిత పేరు, కొత్త ఈమెయిల్, ఉత్తుత్తి పుట్టినరోజు ఇవ్వండి. వాటితోపాటు ఫోన్ ప్రకటనల ఐడీని (ప్రకటనల కంపెనీలు ఫోన్‌ను గుర్తుపట్టే కోడ్) కూడా కాగితం మీద రాసుకోండి. తర్వాత వెతకాల్సింది వీటినే. కానీ ఉన్నది ఉన్నట్టు వెతికితే చాలా లీకులు దొరకవు. ఈమెయిల్‌లోని @ గుర్తు %40గా మారి ఉండొచ్చు. మొత్తం బేస్64లోకి (డేటాను వేరే అక్షరాల్లో రాసే పద్ధతి) మారి ఉండొచ్చు. హ్యాష్ చేసి, అంటే నేరుగా వెనక్కి మార్చలేని అక్షరాల వరసగా మార్చి, పంపడం కూడా మామూలే: ఎండీ5 పద్ధతి అయితే 32 అక్షరాలు, ఎస్‌హెచ్‌ఏ-256 అయితే 64. అందుకే మీ పరీక్ష ఈమెయిల్ హ్యాష్‌లు ముందే తీసి పెట్టుకోండి. హ్యాష్ చేశాం కాబట్టి భద్రమే అనే మాటను నేను ఒప్పుకోను. ఒకే పద్ధతి వాడితే ఒకే ఈమెయిల్‌కు ఎక్కడైనా అదే హ్యాష్ వస్తుంది, దాంతో రెండు కంపెనీలు మిమ్మల్ని సులువుగా జత చేసుకోగలవు. ఫోన్ నంబర్ల సంగతి ఇంకా ఘోరం, ఉన్న నంబర్లన్నీ వరసగా హ్యాష్ చేసి చూస్తే అసలుది బయటపడుతుంది.

లొకేషన్‌లో దశాంశ స్థానాలు లెక్కపెట్టండి. రెండుంటే దాదాపు కిలోమీటరు తేడాతో, అయిదుంటే మీటరు తేడాతో మీరెక్కడున్నారో తెలుస్తుంది. వాతావరణం చెప్పడానికి మీటరు లెక్క దేనికి?

వివరం బయటికి వెళ్లడమే లీకు కాదు. మ్యాప్‌కు లొకేషన్ కావాలి. అదే లొకేషన్ ప్రకటనల సర్వర్‌కు కూడా వెళ్తోందా అన్నది చూడాలి.

ఏమీ కనబడలేదని యాప్ మంచిదని తేల్చేయొద్దు. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మనం పెట్టిన సర్టిఫికెట్‌ను మామూలుగా నమ్మవు. కొన్ని తమ సర్వర్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవు, కొన్ని వైఫై ప్రాక్సీనే (ట్రాఫిక్‌ను మన టూల్ మీదుగా మళ్లించే సెట్టింగ్) పట్టించుకోవు. లోపలిది చదవలేకపోయినా ఏ డొమైన్లకు (వెబ్ చిరునామాలకు) వెళ్తోందో చాలావరకు తెలుస్తుంది. ఇదంతా టెన్షన్ అనిపిస్తే, ఐఫోన్‌లో ఐఓఎస్ 15.2 నుంచి ఉన్న యాప్ ప్రైవసీ రిపోర్ట్ సర్టిఫికెట్ లేకుండానే ఆ డొమైన్లు చూపిస్తుంది.

పని అవగానే సర్టిఫికెట్ తీసేయండి, ప్రాక్సీ ఆపేయండి, పరీక్ష ఖాతా నుంచి లాగవుట్ అవ్వండి. రికార్డయిన ఫైల్‌లో లాగిన్ టోకెన్లు (మీరు లాగిన్ అయ్యారని సర్వర్‌కు చూపే కోడ్‌లు) ఉంటాయి. అవి దొరికినవాళ్లకు పాస్‌వర్డ్ అవసరం లేదు. సాయం కోసం ఎవరికైనా స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు ఆ టోకెన్లు ఉండే కుకీ, ఆథరైజేషన్ వరసలు పూర్తిగా చెరిపేసి పంపండి.