ఇంగ్లీషు వాక్యం, 7వ పాఠం: "అని" పెట్టే తంటా

పోయిన పాఠం చివర ఒకే ఒక్క వాక్యం ఇచ్చాను. "రవి సెడ్, 'ఐ విల్ కమ్ టు తిరుపతి టుమారో'." దీన్ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి, అంటే ఒకరన్న మాటని మన మాటల్లో చెప్పే తీరులోకి, మార్చి పంపమన్నాను. కొటేషన్ గుర్తులు అందరూ తీసేశారు, "దట్" కూడా పెట్టారు. సగం మంది అక్కడితో చేతులు దులిపేసుకున్నారు: "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టు తిరుపతి టుమారో." అంటే మాట రవిది, బస్సెక్కేది మీరు!

ఈ రోజు ప్రశ్నలతో మొదలుపెడదామనుకున్నాను. ఇది తేలకుండా ముందుకు పోతే లాభం లేదు.

మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదులెండి. ఎనిమిదో తరగతిలో నేను ఇంగ్లీషులో లీవు లెటర్ రాశాను. "శుక్రవారం కొండకి పోయి గుండు కొట్టించుకుంటానని మా నాయన చెప్పినాడు" అన్నది నా తెలుగు. కాగితం మీద పడింది మాత్రం "మై ఫాదర్ సెడ్ దట్ ఐ విల్ షేవ్ మై హెడ్ ఆన్ ఫ్రైడే." సోమవారం అయ్యవారు నన్ను లేపి నిలబెట్టి, నూనె పెట్టి దువ్విన నా క్రాపు వైపు చూసి, "గుండేదిరా?" అన్నారు. "గుండు మా నాయనకి సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. తప్పెక్కడుందో ఆయనా చెప్పలేదు, నాకూ అర్థం కాలేదు.

తప్పు "అని"లో ఉంది. "వస్తానన్నాడు" అనే మాటని విడదీయండి. వస్తాను, అన్నాడు. ఆ "వస్తాను" రవి నోట్లోని మాటే, చెక్కు చెదరలేదు. "అని" ఒక సంచి లాంటిది. ఎవరి మాటనైనా ఉన్నదున్నట్టు అందులో వేసి మూతి కడితే సరి. "రవి వస్తానని చెప్పాడు", "రవి వస్తాడని వాళ్ళమ్మ చెప్పింది" అంటే వినేవాళ్ళకి ఎక్కడా తికమక రాదు. ఇంగ్లీషు "దట్" సంచి కాదు. దాని తర్వాత వచ్చే ప్రతి "ఐ" మాట చేరవేసేవాడిదే అవుతుంది. రెండు భాషల్లోనూ మధ్యలో ఒక చిన్న మాట ఉంది కదా, రెండూ ఒకటేననుకోవడంతోనే అంతా చెడుతుంది. "అని" అంటే "దట్" అని బట్టీ పట్టించే గైడ్లంటే నాకు ఒళ్ళు మంట.

నా దొంగదారి ఒకటుంది. ఇంగ్లీషు జోలికి పోకముందు వాక్యాన్ని పేపరు తెలుగులోకి మార్చండి. "తాను మరుసటి రోజు తిరుపతికి రానున్నట్టు రవి చెప్పాడు." చూశారా, "అని" పోయింది. "తాను" అంటే "హి", "రానున్నట్టు" అంటే "వుడ్ కమ్". ఇక మిగిలిందేముంది? "రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ టు తిరుపతి ద నెక్స్ట్ డే." రవి చెప్పిన రోజే మీరు ఇంకొకరికి చెబుతుంటే "టుమారో" అలాగే ఉండొచ్చు. పరీక్షలో మాత్రం "ద నెక్స్ట్ డే" రాయండి.

టెన్సుల పట్టిక మళ్ళీ రాయను. "యామ్" "వాజ్" అవుతుంది, "విల్" "వుడ్" అవుతుంది, అది మీకు వచ్చు. ఒకరు అడిగారు కాబట్టి ఒక్క ముక్క: "హి సెడ్ దట్ దేర్ ఆర్ 3,550 స్టెప్స్ ఫ్రమ్ అలిపిరి" అన్నప్పుడు "ఆర్" ఎందుకు మార్చలేదంటే, ఆ మెట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. "వర్" అన్నా తప్పు కాదు.

ఇక ప్రశ్నలు. ఇక్కడా ఆ సంచే అడ్డం. కండక్టర్ "వేర్ ఆర్ యూ గోయింగ్?" అన్నాడు. "యాడికి పోతా ఉండావని అడిగినాడు" అని మనసులో అనుకుంటూ రాస్తే వచ్చేది ఇదే: "హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యూ గోయింగ్." సంచి విప్పండి. "నేను ఎక్కడికి పోతున్నానో అడిగాడు." ఆ "ఓ" చాలా గొప్పది. అది రాగానే "నువ్వు" దానంతటదే "నేను" అయింది, ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైంది. ఇంగ్లీషులోనూ అంతే: "హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్." "వాజ్ ఐ" కాదు, "ఐ వాజ్". "దట్" లేదు, ప్రశ్నార్థకం లేదు.

"టికెట్ ఉందా అని అడిగాడు" అనే రకానికీ ఇదే మందు. "నా దగ్గర టికెట్ ఉందో లేదో అడిగాడు." ఆ "ఓ లేదో"కి ఇంగ్లీషు "ఇఫ్". "హి ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ ఎ టికెట్." "వెదర్" అన్నా సరే. నేను "ఇఫ్" వాడతాను, స్పెల్లింగు తప్పే భయం ఉండదు.

ఆజ్ఞలు రెండు ముక్కల్లో అయిపోతాయి. "లైన్లో నిలబడమన్నాడు": "హి టోల్డ్ అస్ టు స్టాండ్ ఇన్ ద లైన్." "తోసుకోవద్దన్నాడు": "హి టోల్డ్ అస్ నాట్ టు పుష్." "టు డోంట్ పుష్" అని రాసినవాళ్ళు నా కంటపడొద్దు. "ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్" లాంటివి అడక్కండి. ఆ మాట నోటితో అన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. పరీక్ష ముందు చెబుతాను.

అభ్యాసం. తిరుపతి ఆర్టీసీ బస్టాండులో ఒక అరగంట కూర్చోండి. శ్రీకాళహస్తి బస్సు దగ్గరైనా సరే, పుత్తూరు బస్సు దగ్గరైనా సరే. చెవిన పడిన మాటలు పది, అన్నవాళ్ళు అన్నట్టే తెలుగులో రాసుకోండి. అందులో నాలుగు ప్రశ్నలు, రెండు ఆజ్ఞలు ఉండాలి. పక్కన "అని" లేని తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లీషు రాయాలి. బస్టాండుకి పోలేనివాళ్ళకి ఒక్కటే వాక్యం: "చిల్లర ఉందామ్మా? లేకుంటే దిగేటప్పుడు అడిగి తీసుకో." కండక్టర్ మీతో అన్నాడనుకోండి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ, "లేకుంటే" దగ్గర చాలామంది ఆగిపోతారు. మధ్యలోని తెలుగు వాక్యం లేకుండా పంపిన జవాబు నేను దిద్దను.