లైసెన్స్ లేని ఊరి రేడియోకు వికీపీడియా పేజీ పెట్టాలా?

తెలుగు వికీపీడియాలో కొత్తగా రాసేవాళ్ళు నన్ను తరచుగా అడుగుతారు: లైసెన్సే లేని స్టేషన్‌కు పేజీ పెట్టొచ్చా అని. ముందు లైసెన్స్ సంగతి పక్కన పెట్టండి. స్టేషన్‌తో సంబంధం లేని వాళ్ళు దాని గురించి వివరంగా రాశారా, అది వెతకండి.

బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో తన రిపేరు షాపు నుంచే ఎఫ్‌ఎం నడిపాడు. ట్రాన్స్‌మిటర్‌కు అయింది దాదాపు 50 రూపాయలు! 2006లో బీబీసీ దాని మీద కథనం ఇచ్చింది. ఆ ఏడాదే, లైసెన్స్ లేదని అధికారులు మూయించారు. అదీ వార్తయింది. ఇలాంటిదానికి పేజీ ఉండి తీరాలంటాను. మూతపడిందని ప్రాముఖ్యత పోదు.

రాసేటప్పుడు అనుమతి లేదన్న మాట దాచకండి, మొదటి పేరాలోనే చెప్పండి. ఎన్ని ఊళ్ళకు వినపడేదో నిర్వాహకుడు చెప్పిన లెక్కయితే, అతను చెప్పినట్టుగానే రాయండి. పత్రికల్లో రాని పేర్లు, అడ్రసులు మాత్రం అస్సలు వద్దు. కేసుల్లో ఇరుక్కునేది వాళ్ళు.

లైసెన్స్ తర్వాత వచ్చినా కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ప్రసారాలు 2008 అక్టోబరు 15న మొదలయ్యాయి. కానీ అక్కడి దళిత మహిళలు అంతకు ఏళ్ళ ముందు నుంచే కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల్లో క్యాసెట్లు వినిపించేవారు. నాకు ఆ భాగమే ముఖ్యం.

ఫేస్‌బుక్ పేజీ, సొంత కరపత్రం తప్ప ఏమీ దొరకలేదా? ఆగండి. ఒక్క చిన్న వార్త దొరికితే ఊరి వ్యాసంలో రెండు వాక్యాలు చేర్చి, ఆ వార్తను మూలంగా ఇవ్వండి.