జింకుకు పాదరసం పట్టించి జోన్స్ గొట్టం నింపడం

బరంపురంలో ఇరవై ఆరేళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడే మా పిల్లలు ఎక్కువగా తడబడేది జోన్స్ గొట్టం ప్రయోగం దగ్గరే. పాదరసం పట్టించిన జింకు గుళికలు నింపిన గాజు గొట్టం అది. ఇనుము ఎంతుందో కొలిచే ముందు ద్రావణాన్ని దానిలోంచి పంపుతాం.

ముందు ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి. పాదరసం తగిలి ఒకమ్మాయి పెళ్లి ఉంగరం తెల్లబడింది. కంసాలి దగ్గర కాల్చించుకుంటానంది, నేనే ఆపాను. కాలిస్తే వచ్చే పాదరసం ఆవిరి అతని ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పర్మాంగనేటుతో ఇనుము లెక్కగట్టాలంటే ఫెర్రిక్ రూపంలోని ఇనుమంతా (Fe³⁺) ఫెర్రస్ రూపం (Fe²⁺) కావాలి. జింకు ఆ పని చేస్తుంది. కానీ ఉత్త జింకు ఆమ్లంలో బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. పాదరసం పూత మీద హైడ్రోజన్ అంత తేలికగా పుట్టదు కాబట్టి జింకు నిలుస్తుంది, ఇనుము మాత్రం మారుతుంది.

గ్లవ్స్ వేసుకుని, 100 గ్రాముల జింకు గుళికలను 2 శాతం మెర్క్యూరిక్ క్లోరైడు ద్రావణం 100 మిల్లీలీటర్లలో వేసి ఐదు నుంచి పది నిమిషాలు కలపండి. ఆ మెర్క్యూరిక్ క్లోరైడు కొద్దిగా ఒంట్లోకి పోయినా ప్రాణం తీసే విషం. గుళికలు వెండిలా మెరిశాక ద్రావణం వంచేసి, నీళ్లతో మూడుసార్లు కడగండి. ఆ ద్రావణం, ఆ నీళ్లు అన్నీ వేస్ట్ సీసాలోకే, సింకులోకి చుక్క కూడా వద్దు.

గొట్టం అడుగున గాజు ఉన్ని పెట్టి గుళికలు నింపండి. పైన ఎప్పుడూ ద్రవం నిలిచి ఉండాలి. గాలి తగిలితే కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టి పర్మాంగనేటును మింగేస్తుంది, మీ లెక్క పెరుగుతుంది. మీ ద్రావణంలో నైట్రేటు మిగిలినా అంతే. మొదట సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, తర్వాత మీ ద్రావణం, మళ్లీ ఆమ్లం, చివర నీళ్లు పంపండి. వెంటనే టైట్రేట్ చేయండి, అంటే పర్మాంగనేటు ఎంత పడుతుందో కొలవండి. బ్లాంకు (ఇనుము లేకుండా ఇదంతా ఒకసారి చేసి చూడడం) మానొద్దు.

మా ఛత్రపురం తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైటు ఉంది, అంటే ఇనుముతో పాటు టైటానియం. దాన్ని పొటాషియం బైసల్ఫేటుతో కరిగించి చేసిన ద్రావణాన్ని ఈ గొట్టంలో పోస్తే అది ఊదా రంగులో దిగుతుంది. టైటానియం కూడా మారిందన్నమాట. మారిన టైటానియం గాలికి ఇట్టే పాడవుతుంది కాబట్టి గొట్టం కొనను ఫెర్రిక్ ఆలం (ఫెర్రిక్ ఇనుమున్న ఉప్పు) ద్రావణంలో ముంచి పట్టండి. వచ్చిన రీడింగు రెండు లోహాలదీ కలిపి. ఇనుము ఒక్కటే కావాలంటే జింకు బదులు వెండి పొడి నింపిన గొట్టం వాడండి, అది టైటానియాన్ని ముట్టదు. ఈ తేడా తెలియక మా పిల్లలు ఇనుము ఎక్కువొచ్చిందని టెన్షన్ పడేవారు.

పని అయ్యాక గొట్టాన్ని నీళ్లతో నింపి, బిరడా బిగించి, 'పాదరసం ఉంది' అని చీటీ అంటించండి.